మట్టిగుట్టలకు నీళ్ల లెక్క

2020 అక్టోబరు 13న మొదలైన వాన హైదరాబాద్‌ను ఎంత ముంచిందో పాతబస్తీకి చెప్పనక్కర్లేదు. బేగంపేట వాతావరణ కేంద్రంలో 24 గంటల్లో 191.8 మిల్లీమీటర్లు నమోదైంది. అక్టోబరు నెలకు 1903 నుంచి నిలిచిన 117.1 మి.మీ. రికార్డు ఆ రాత్రితో చెరిగిపోయింది. పాతబస్తీలోని జహనుమాకు కొద్ది కిలోమీటర్ల దూరంలోని బండ్లగూడలో, మహ్మదీయ హిల్స్ కాలనీలో, ప్రహరీ గోడ కూలి కింది ఇళ్ల మీద పడింది. తొమ్మిది మంది చనిపోయారు.

ఇలాంటి ప్రమాదం జరిగినప్పుడల్లా "గోడ నాసిరకం" అనే మాట ముందు వస్తుంది. నిజం కావచ్చు కూడా. కానీ గట్టి గోడకైనా ఒక లెక్క ఉంటుంది. వెనక మట్టి ఆనుకుని ఉన్న 3 మీటర్ల ఎత్తు గోడ అనుకుందాం. మట్టి పొడిగా ఉంటే ప్రతి మీటరు పొడవు మీదా గోడను నెట్టే బలం సుమారు 2.5 టన్నులు. అదే మట్టి పూర్తిగా నానిపోయి, నీళ్లు బయటికి వెళ్లే దారి లేకపోతే ఆ బలం సుమారు 6 టన్నులు. అందులో నాలుగున్నర టన్నులు ఉత్త నీళ్లదే. గోడ కిందివైపు అడుగడుగునా నాలుగంగుళాల పైపు ముక్కలు పెట్టి, వాటి వెనక కంకర పోస్తే ఈ అదనపు బరువు చాలావరకు పోతుంది. ఖర్చు చూస్తే సిమెంటు బిల్లులో మూలకు కూడా రాదు.

ఈ లెక్కనే పెద్దది చేస్తే బొగ్గు కంపెనీ సింగరేణి మట్టిగుట్టల దగ్గర తేలుతాం. ఆ కంపెనీ హైదరాబాద్ ఆఫీసు సింగరేణి భవన్ రెడ్‌హిల్స్‌లోనే ఉంది. గుట్టలున్నది మాత్రం 200 కిలోమీటర్ల పైన దూరంలో: రామగుండం, భూపాలపల్లి, శ్రీరాంపూర్, మణుగూరు, సత్తుపల్లి.

రెండున్నర అడుగుల నగరం

ఓపెన్‌కాస్ట్ గనిలో బొగ్గు తీయాలంటే ముందు దాని మీదున్న మట్టీ రాయీ తీయాలి. దాన్ని కంపెనీలో ఓవర్‌బర్డెన్ అంటారు, వాడుకలో ఓబీ. సింగరేణి 2023–24లో సుమారు 7 కోట్ల టన్నుల బొగ్గు తీసింది. అందుకోసం ఏటా తవ్వుతున్న ఓబీ 40 కోట్ల ఘనపు మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. టన్ను బొగ్గుకు ఐదారు ఘనపు మీటర్ల మట్టి అన్నమాట.

నేలలో ఉన్నప్పుడు గట్టిగా ఒదిగి ఉన్న రాయి, పేల్చి డంపర్‌లో పోసేసరికి వదులై, పావువంతు దాకా ఉబ్బుతుంది. 40 కోట్లు కాస్తా 50 కోట్లు అవుతుంది. పాత జీహెచ్‌ఎంసీ విస్తీర్ణం 650 చదరపు కిలోమీటర్లు. ఆ ఒక్క ఏడాది మట్టిని నగరమంతా సమానంగా పరిస్తే చార్మినార్ చుట్టూ, ఫలక్‌నుమా స్టేషన్ పట్టాల మీదా, అన్నిచోట్లా రెండున్నర అడుగుల మందాన నిలుస్తుంది. వచ్చే ఏడాది ఇంకో రెండున్నర అడుగులు.

ఇందులో చాలా భాగం బొగ్గు తీసేసిన గుంతలోకే తిరిగి వెళుతుంది. మిగతాది బయట గుట్టగా పెరుగుతుంది. గని ఊళ్లవాళ్లు ఈ రెంటినీ కలిపి "బొందలగడ్డ" అన్నారు. తెలంగాణ ఉద్యమకాలంలో ఆ మాట రాజకీయ సభలదాకా వచ్చింది. ఊరు పోవడం, పొలం పోవడం, దుమ్ము, వీటి గురించి చాలా రాశారు. ఆ గుట్ట ఎలా నిలుస్తుంది, ఎందుకు కూలుతుంది అన్నది మాత్రం ఇంజనీర్ల ఫైళ్లు దాటి బయటికి పెద్దగా రాలేదు.

ఎంత వాలు?

జహనుమా గల్లీలో ఇల్లు కట్టేవాళ్లు ట్రాక్టరు ఇసుక కుమ్మరిస్తే ఆ కుప్ప తనంతట తానే ఒక వాలుకు వచ్చి ఆగుతుంది. ఇంకో తట్ట పోసినా కుప్ప వెడల్పవుతుందే తప్ప నిటారు కాదు. పొడి ఇసుకకు ఆ వాలు 33 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. విరిగిన ఇసుకరాయికి ఇంకొంచెం ఎక్కువ, 35 నుంచి 37. గోదావరి లోయ బొగ్గు మీద ఉన్నది ప్రధానంగా ఇసుకరాయే. మధ్యమధ్య బంకమట్టి పొరలు, షేల్, చాలాచోట్ల పైన నల్లరేగడి.

2017 బొగ్గు గనుల నిబంధనలు ఈ స్వభావాన్నే అంకెల్లో పెట్టాయి. గుట్ట వాలు ఎక్కడా 37.5 డిగ్రీలు దాటకూడదు. ఎత్తు 30 మీటర్లు దాటితే మెట్లు మెట్లుగా కట్టాలి, ఏ మెట్టూ 30 మీటర్లకు మించకూడదు. మొత్తం మీద చూస్తే నిలువు ఒకటికి అడ్డం ఒకటిన్నర, అంటే 33.7 డిగ్రీలు. పర్యావరణ అనుమతుల్లో షరతు ఇంకా కఠినం: మొత్తం వాలు 28 డిగ్రీలు దాటొద్దని రాయడం పరిపాటి.

33.7కూ 28కీ మధ్య ఉన్నది ఆరు డిగ్రీలే. చేత్తో చూపిస్తే తేడా తెలియదు. అది ఎక్కడ తెలుస్తుందంటే, గుట్టను పట్టి ఉంచే బలాన్ని కిందికి లాగే బలంతో భాగించినప్పుడు. ఆ భాగఫలాన్నే ఇంజనీర్లు ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ అంటారు. 1 వచ్చిందంటే గుట్ట వెంట్రుకవాసిలో ఉంది. 1.3 వస్తే కొంత నిశ్చింత. బంక లేని పొడి మట్టికి ఈ లెక్క సులువు: మట్టి రాపిడి కోణం టాంజెంటును గుట్ట వాలు టాంజెంటుతో భాగిస్తే చాలు. రాపిడి కోణం 35 డిగ్రీలు అనుకుంటే 28 డిగ్రీల గుట్టకు 1.32 వస్తుంది. 33.7కు 1.05. 37.5కు 0.91, అంటే నిలవకూడదు.

మరి 37.5 డిగ్రీల మెట్టు ముఖాలు గనుల్లో నిలిచే ఉన్నాయి కదా అంటే, నిజమే. ఆ మట్టి రాపిడి కోణం ఇంకాస్త ఎక్కువై ఉండాలి, లేదా కొంత బంక ఉండాలి. ఆ బంక ఎండాకాలపు బంక కావచ్చు. తడి తగిలితే మొదట వదిలేది అదే.

90 మీటర్ల గుట్టను మూడు మెట్లుగా కట్టామనుకోండి. ఒక్కో మెట్టు ముఖం 37.5 డిగ్రీల వాలులో ఉంటే అది 39 మీటర్ల నేల తీసుకుంటుంది, మూడూ కలిపి 117. మొత్తం వాలు 28కి రావాలంటే 169 మీటర్లు కావాలి. మిగిలిన 52 మీటర్లు రెండు మెట్ల మధ్య చదునుల్లోకి వెళ్తాయి, ఒక్కోటి 26 మీటర్లు. ఈ చదునును బర్మ్ అంటారు. డంపర్ వెళ్లేదీ, డోజర్ తిరిగేదీ, వాన పడితే నీళ్లు నిలిచేదీ దాని మీదే. అది బయటికి వాలి ఉంటే పైనున్న నీళ్లన్నీ కింది ముఖం మీదుగా గాడి తీసుకుంటూ దిగుతాయి. లోపలికి, అంటే గుట్టవైపు, వందకు ఒకటి రెండు చొప్పున వాలి ఉంటే నీళ్లు పై మెట్టు మొదట్లోని కాలువలో చేరి, పక్కగా సాగి, రాయి పరిచిన జారుడు మార్గంలో కిందికి వెళ్తాయి. డోజర్ ఆపరేటర్ బ్లేడు ఒక మూల కొద్దిగా ఎత్తి పట్టాడా దించి పట్టాడా అన్నంత చిన్న విషయం ఇది.

నీళ్లు చేరితే

పైన వేసిన లెక్కలన్నీ పొడి మట్టివి. ఇప్పుడు అదే 28 డిగ్రీల గుట్టలోకి నీళ్లు రానిద్దాం. రాళ్ల మధ్య ఖాళీలు నిండేకొద్దీ నీటి ఒత్తిడి మట్టి గింజలను ఒకదాని నుంచి ఒకటి కొద్దికొద్దిగా ఎత్తుతుంది. రాపిడి పుట్టేది గింజ గింజ మీద మోపే బరువు నుంచే కాబట్టి, ఆ మేరకు పట్టు పోతుంది. కిందికి లాగే బరువు మాత్రం తగ్గదు, పైగా నీళ్లతో పెరుగుతుంది.

పైనున్న మట్టి బరువులో 10 శాతానికి సమానమైన నీటి ఒత్తిడి చేరితే 1.32 కాస్తా 1.15 అవుతుంది. 20 శాతానికి 0.98. అంటే గుట్ట కదిలిపోతుంది. వాలు పొడవునా నీళ్లు నిండి పారుతుంటే 0.67. షరతుల ప్రకారం కట్టిన గుట్టే, అన్ని సంతకాలూ ఉన్న గుట్టే, సగం బలంతో మిగులుతుంది.

దీనికి రెండు మందులున్నాయి. మొదటిది వాలు ఇంకా తగ్గించడం. నీళ్లు నిండినా 1.3 ఉండాలంటే 28 డిగ్రీలు సరిపోవు, 15 డిగ్రీల చిల్లరకు దిగాలి. అప్పుడు 90 మీటర్ల గుట్టకు 169 మీటర్ల బదులు 327 మీటర్ల నేల కావాలి. గుట్ట అంచు ప్రతి కిలోమీటరుకూ అదనంగా సుమారు 39 ఎకరాలు. ఆ ఎకరాలు ఎవరివో గని ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. రెండో మందు నీళ్లను లోపలికి రానివ్వకపోవడం, వచ్చినవాటిని వెంటనే బయటికి పంపడం. డ్రైనేజీని గుట్టకు అలంకారంలా చివర్లో చేర్చే పనిగా చూడటం నాకు అర్థం కాదు. లెక్కలో చూస్తే కిలోమీటరుకు 39 ఎకరాల భూమి పని అది చేస్తోంది.

ఇందులో ప్రకృతి ఉచితంగా ఇచ్చే సాయం ఒకటుంది. డంపర్ గుట్ట అంచున నిలబడి మట్టి వదిలినప్పుడు పెద్ద బండలు దొర్లుకుంటూ అడుగుకు వెళ్తాయి, మెత్తని మట్టి పైనే ఆగిపోతుంది. అలా గుట్ట అడుగున బండల పొర దానంతటదే ఏర్పడుతుంది. నీళ్లు పోవడానికి అంతకన్నా మంచి దారి లేదు. కానీ గని మొదలైన రోజుల్లో ముందుగా వచ్చేది పైపొర, అంటే నల్లరేగడి, బంకమట్టి. దాన్ని విడిగా కుప్ప పెట్టకుండా గుట్ట అడుగునే పోసేస్తే ఆ దారి మూసుకుపోయినట్టే. పైమట్టిని వేరుగా నిల్వ చేయాలన్న నిబంధన మొక్కల కోసమే అనుకుంటారు చాలామంది. గుట్ట పాదానికీ అది అంతే అవసరం.

మొక్కల మాట వచ్చింది కాబట్టి: గుట్టల మీద పచ్చదనం పైమట్టి కొట్టుకుపోకుండా ఆపుతుంది, దుమ్ము తగ్గిస్తుంది. మంచిదే. వేర్లు మీటరో రెండు మీటర్లో దిగుతాయి. 20 మీటర్ల లోతున జారే పొరకు పైన చెట్టుందో లేదో తెలియదు. పచ్చని గుట్ట ఫొటో చూపి గుట్ట భద్రంగా ఉందనడం రెండు వేర్వేరు విషయాలను కలిపేయడమే.

అడుగు నేల సంగతి

ఎత్తు మీదే అందరి కళ్లూ ఉంటాయి గానీ, 1966 అక్టోబరు 21న వేల్స్‌లోని అబెర్‌ఫాన్‌లో కూలిన గని గుట్ట ఎత్తు సుమారు 34 మీటర్లే. మన నిబంధనల్లో ఒక మెట్టు కన్నా నాలుగు మీటర్లు ఎక్కువ. ఏడో నంబరు గుట్టగా 1958లో మొదలుపెట్టిన దాన్ని కొండవాలు మీద, నీటి ఊటల పైన పోశారు. ఆ ఊటలు మ్యాపుల్లో ఉన్నాయి. కొన్ని వారాల వాన తర్వాత, ఉదయం తొమ్మిదింపావుకు, అది బురదై కిందికి పారి పాంట్‌గ్లాస్ బడి మీద పడింది. 144 మంది చనిపోతే అందులో 116 మంది పిల్లలు. మూడేళ్లకు, 1969లో, బ్రిటన్ గని గుట్టల కోసమే ఒక చట్టం చేసింది.

మన దేశంలో పెద్ద దెబ్బ 2016 డిసెంబరు 29న జార్ఖండ్‌లోని రాజ్‌మహల్ గనిలో తగిలింది. 23 మంది చనిపోయారు. గుట్ట కిందున్న గట్టి నేలే 300 మీటర్ల పొడవు, 110 మీటర్ల వెడల్పున సుమారు 35 మీటర్లు దిగజారిందని అప్పట్లో గని యాజమాన్యమే చెప్పింది. డిసెంబరు వానాకాలం కాదు. వానలు ఆగాయి కదా అని గుట్టను మరిచిపోవడానికి లేదు. పైన ఎంత జాగ్రత్తగా మెట్లు కట్టినా, అడుగున నేల నిలవకపోతే మెట్లతో సహా పోతుంది. తడిసి ఒకసారి జారిన బంకమట్టి పొరకు రాపిడి కోణం 10, 15 డిగ్రీలకు పడిపోగలదు. ఇసుకరాయికి అనుకున్న 35తో పోల్చి చూడండి. గని లోపలి గుట్టల విషయంలో ఇది మరీ ముఖ్యం. బొగ్గు పొర వాలి ఉంటే, బొగ్గు తీశాక మిగిలే నేలా వాలి ఉంటుంది, నున్నగానూ ఉంటుంది. అందుకే గుట్ట పోసే ముందు ఆ నేలను పేల్చి గరుకుగా చేయడం, అక్కడ నిలిచిన నీటినీ బురదనూ తోడేయడం ఆనవాయితీ. బురద మీద మట్టి పోసి కప్పేస్తే పని తొందరగా అవుతుంది. ఓబీ కాంట్రాక్టు బిల్లు ఎత్తిన ఘనపు మీటర్ల మీద నడుస్తుంది, తోడిన బురద మీద కాదు.

కాలువ ఎంత మోస్తుంది?

గుట్ట చుట్టూ తవ్వే కాలువను గార్లాండ్ డ్రెయిన్ అంటారు. పేరు దండలా ఉంది, పని మాత్రం చాకిరీ. 100 హెక్టార్ల గుట్టకు నీళ్లు రెండు వైపులా చీలి పోయేలా కాలువ తవ్వామనుకుందాం. ఒక్కో వైపుకు 50 హెక్టార్ల నీరు వస్తుంది. గంటకు 100 మిల్లీమీటర్ల వాన, అంటే వాతావరణ శాఖ మేఘ విస్ఫోటనంగా లెక్కించే తీవ్రత, కురిసి అందులో 60 శాతం పారిందనుకుంటే ఒక్కో వైపు కాలువలోకి సెకనుకు 8.3 ఘనపు మీటర్లు వస్తాయి.

అడుగు వెడల్పు 2 మీటర్లు, లోతు మీటరున్నర, అంచులు 45 డిగ్రీల వాలు, 300 మీటర్లకు మీటరు దిగే మట్టి కాలువ సెకనుకు సుమారు 9 ఘనపు మీటర్లు మోస్తుంది. 8.3 వస్తే 9 పడుతుంది. సరిపోయింది.

గుట్ట నుంచి నీళ్లు ఒక్కటే రావు, మట్టీ వస్తుంది. ఆ కాలువలో అర మీటరు పూడిక చేరిందనుకోండి. లోతు మీటరుకు తగ్గుతుంది, మోసే శక్తి 9 నుంచి 6కు పడిపోతుంది. 8.3 వస్తుంటే 6 పడుతుంది. మిగతా 2.3 ఘనపు మీటర్లు సెకను సెకనుకూ కట్ట దాటి పోతాయి. ఎటు? లోపలి అంచు తక్కువగా ఉంటే గుట్ట పాదంలోకే. గుట్ట మొత్తానికీ ఆయువుపట్టు ఆ పాదమే. నీళ్లను తప్పించడానికి తవ్విన కాలువ అప్పుడు నీళ్లను తెచ్చి పోస్తుంది.

కాలువ చివర నీళ్లు సంపులో చేరాలి. పర్యావరణ అనుమతుల్లో దీనికి కచ్చితమైన షరతు ఉంది: 50 ఏళ్ల వర్షపాతం లెక్కలు చూసి, అందులోని గరిష్ఠ ఆకస్మిక వానకు పైన ఇంకో 50 శాతం కలిపి సంపు కట్టాలి. పూడిక అడుగుకు దిగేంతసేపు నీళ్లు అందులో నిలవాలి. కాగితం మీద ఉదారమైన షరతే. ఒక గని దగ్గర 50 ఏళ్లలో అత్యధికం రోజుకు 300 మి.మీ. అనుకుంటే, సగం కలిపి 450కి సిద్ధం కావాలి.

2023 జూలై 27 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మి.మీ. పడింది. అంతకుముందు రాష్ట్ర రికార్డు 2013లో వాజేడులో పడిన 517.5. అదే రోజు భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 616.5 నమోదైంది, మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచింది. భూపాలపల్లి సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనులున్న చోటు. 450కి కట్టిన సంపు మీద 616 పడితే ఏమవుతుందో లెక్క వేయొచ్చు: 100 హెక్టార్ల గుట్ట నుంచి, 60 శాతం పారుతుందనుకుంటే, 2.7 లక్షల ఘనపు మీటర్లకు కట్టిన చోటికి 3.7 లక్షలు వస్తాయి. ఈ ప్రాంతంలో 2023కు ముందు కట్టిన ప్రతి సంపు లెక్కనూ మళ్లీ వేయాలన్నది నా అభిప్రాయం. 50 ఏళ్ల గణాంకాల పట్టికలో ఇప్పుడు ఒక కొత్త వరుస చేరింది మరి.

సంపు పెంచడానికి స్థలం, డబ్బు, అనుమతి కావాలి. గుట్ట కదలికను మిల్లీమీటర్లలో పసిగట్టే రాడార్లకూ కోట్లు కావాలి. అవి పెట్టినా, గుట్ట పైన కొత్తగా నెర్రె విచ్చిందా, పాదం దగ్గర నిన్న లేని చెమ్మ ఇవాళ ఉందా అని షిఫ్టు మొదట్లో నడిచి చూసే మనిషి అవసరం పోదు.

పూడికకు మాత్రం ఇవేవీ అక్కర్లేదు. ఇందాకటి కాలువలో అర మీటరు పూడిక అంటే కిలోమీటరుకు 1,250 ఘనపు మీటర్లు. 100 హెక్టార్ల గుట్ట చుట్టుకొలత మూడున్నర కిలోమీటర్లు కాబట్టి మొత్తం 4,400 ఘనపు మీటర్ల లోపు. పది ఘనపు మీటర్ల టిప్పర్లతో 440 ట్రిప్పులు, ఒకటి రెండు ఎక్స్‌కవేటర్లు, మే నెలాఖరులోగా. సింగరేణి మొత్తం మీద రోజుకు సుమారు 11 లక్షల ఘనపు మీటర్ల ఓబీ కదులుతోంది. ఆ వేగంతో చూస్తే ఈ పూడిక ఆరు నిమిషాల పని.